టీకి పనికిరాని నీళ్లు

ఇనుముకి పౌడర్ కోటింగ్ చేసే యంత్రాలు ఎలా ఎంచుకోవాలి అని ఎవరైనా అడిగితే నేను ఇప్పటికీ గంటసేపు మాట్లాడగలను. వినేవాళ్లుంటే రెండు గంటలు. మా ఇంట్లో వినేవాళ్లు లేరు. "ఆ గన్ కథ మళ్లీ మొదలెట్టకండి" అని మా ఆవిడ లేచి వెళ్లిపోతుంది. ఆ కథలో నేను ప్రతిసారీ దాటేసే ముక్క ఏదో ఆవిడకి బాగా తెలుసు. ఈసారి దాటకుండా రాద్దామని కూర్చున్నాను.

తొంభైల్లో గాజువాక ఆటోనగర్‌లో నాకో షెడ్డు ఉండేది. కిటికీ గ్రిల్స్, గేట్లు, మంచాలు, బాల్కనీ రెయిలింగులు చేసేవాళ్లం. మా నాన్న గోదావరి వైపు నుంచి స్టీల్ ప్లాంటు ఉద్యోగానికి వచ్చి కూర్మన్నపాలెంలో స్థిరపడ్డాడు. నేను పాలిటెక్నిక్ చదివాను. ప్లాంటులో ఉద్యోగం రాక షెడ్డు పెట్టుకున్నాను. పెళ్లిచూపుల్లో మాత్రం ఉద్యోగం వద్దనుకుని పెట్టుకున్నానని చెప్పాను. మా ఆవిడది శ్రీకాకుళం వైపు. అప్పుడు నమ్మిందో లేదో ఇప్పటికీ బయటపెట్టదు.

షెడ్డుకి యజమానిని నేనే గానీ, షెడ్డుకి పేరు తెచ్చినవాడు పెయింటింగ్ మేస్త్రి. విజయనగరం దగ్గర పల్లెటూరు వాడు, నాకంటే పదిహేనేళ్లు పెద్ద. అతను స్ప్రే గన్ పట్టి రంగు కొడితే ఎక్కడా కారేది కాదు, ఎక్కడా పలచబడేది కాదు. ఇరవై రెండేళ్లుగా అదే పని. ఆ రంగులో థిన్నర్ కలపాలి, కలిపిన థిన్నర్ ఆవిరి రోజంతా పీల్చాలి. ముక్కుకి తువ్వాలు చుట్టుకునేవాడు, అదే అతని రక్షణ. ఒక చలికాలం అతనికి దగ్గు పట్టుకుని వదల్లేదు. స్కూటర్ మీద ఎక్కించుకుని నేనే ఆసుపత్రికి తీసుకెళ్లాను. డాక్టరు ఎక్స్‌రే వెలుగులో పెట్టి చూసి, "ఈ థిన్నర్ మానకపోతే ఊపిరితిత్తులు మిగలవు" అన్నాడు. ఆ మాట అతనితో అనలేదు, నాతో అన్నాడు.

బయటికొచ్చాక మేస్త్రి అడిగాడు. "ఏటన్నాడు బాబూ?"

"థిన్నర్ మానెయ్యాలట."

"మానీసి ఏటి సెయ్యాల? నాకు ఇంకో పని రాదు గదా" అన్నాడు మామూలుగా, బస్సు వెళ్లిపోయిందని చెప్పినట్టు.

పౌడర్ కోటింగ్ ఆలోచన ఆ ఆసుపత్రి మెట్ల మీద పుట్టింది. అందులో థిన్నర్ ఉండదు. రంగు పొడిలాగే ఉంటుంది. ఆ పొడికి కరెంటు ఛార్జి ఇచ్చి గన్‌తో చల్లితే వెళ్లి ఇనుముకి అంటుకుంటుంది. దాన్ని తీసుకెళ్లి గదంత ఓవెన్‌లో పెట్టి కాలిస్తే కరిగి, గట్టి పొరగా పట్టేస్తుంది. మామూలు రంగుకంటే ఎక్కువ కాలం ఉంటుంది. ముక్కుకి మాస్కు పెట్టుకుంటే చాలు, ఆవిరి గొడవే లేదు. "ఆ యంత్రానికి నువ్వే ఆపరేటర్‌వి. ఇంక జన్మలో థిన్నర్ డబ్బా మూత తీసే పని లేదు" అని మేస్త్రికి మాటిచ్చాను. ఇది నిజం. మాటిచ్చిన మర్నాటి నుంచీ నాకు అతని ఊపిరితిత్తులకంటే ఆ గన్ మీద మోజు ఎక్కువైపోయిందన్నది కూడా నిజం.

ద్వారకా నగర్‌లో ఒక డీలరు ఆఫీసు ఉండేది. అక్కడ ఏసీలో కూర్చుని రంగురంగుల కాగితాలు తిరగేసేవాణ్ని. ఏ గన్ ఎన్ని వేల వోల్టులు, ఏ గన్‌కి ఎన్ని నాబ్‌లు, దేనికి అంకెలు వెలుగుతాయి, అన్నీ బట్టీ పట్టాను. పదో తరగతిలో లెక్కలు ఇలా చదివుంటే మా నాన్న సంతోషించేవాడు. కాగితాలు ఇంటికి తెచ్చి మంచం మీద పరిచేవాణ్ని. "కొత్తగా ఇంకో సంబంధం చూసుకుంటున్నట్టున్నారు" అంది మా ఆవిడ. నాకు కోపం వచ్చింది, ఎందుకంటే దాదాపు అలాగే ఉంది.

యంత్రాల కంపెనీ తరఫున ఒక పెద్దాయన షెడ్డు చూడడానికి వచ్చాడు. కోయంబత్తూరు మనిషి, తెలుగు నెమ్మదిగా మాట్లాడేవాడు. నేను వోల్టుల గురించి మొదలెడితే ఆయన గోడవారగా ఉన్న బోరు దగ్గరికి నడిచాడు. నీళ్లు చేతిలోకి తీసుకుని, నాలుక చివర పెట్టుకుని, ఉమ్మేశాడు.

"ఉప్పు" అన్నాడు.

"సముద్రం పక్కన ఊరు కదండీ. కానీ ఎండాకాలంలో కూడా ఆగదు" అన్నాను గొప్పగా, ఆ బోరు నేనే తవ్వినట్టు.

ఆయన ఓపిగ్గా చెప్పాడు. రంగు వేసేముందు ఇనుముని వరసగా కొన్ని తొట్లలో ముంచాలి. ఒక తొట్టిలో జిడ్డు పోతుంది, ఒకదాన్లో తుప్పు పోతుంది, ఇంకోదాన్లో రంగు పట్టుకోవడానికి ఒక పొర ఏర్పడుతుంది. ప్రతి తొట్టి తరవాతా మంచినీళ్లతో కడగాలి. ఆఖరి కడుగుడు నీళ్లలో ఉప్పుంటే ఆ ఉప్పు ఇనుము మీదే ఉండిపోతుంది. పైన ఎంత మంచి పొర వేసినా లోపల నుంచి పొంగుతుంది. "గన్ చిన్నది తీసుకోండి, ఏం పరవాలేదు. ముందు నీళ్లు శుభ్రం చేసే ప్లాంటు పెట్టుకోండి" అన్నాడు.

నాకు వెంటనే అర్థమైపోయింది. అంటే అర్థమైపోయిందనుకున్నాను. ఈయనకి నీళ్ల ప్లాంటు వాళ్ల దగ్గర కమీషన్ ఉండి ఉంటుంది. వైజాగ్ వాడికేం తెలుసులే అని ఏదో ఒకటి అంటగడదామని వచ్చాడు. మనం అంత వెర్రివాళ్లమా అని లోలోపల నవ్వుకుని, ఆయనకి టీ ఇప్పించాను.

ఆయన ఒక గుక్క తాగి, "టీ చాలా బాగుంది. ఇదీ ఆ నీళ్లేనా?" అని అడిగాడు.

"అబ్బే, ఆ నీళ్లతో టీ పెడితే పాలు విరిగిపోతాయండి. రోజూ పొద్దున్నే ఇంటి దగ్గర కుళాయి నీళ్లు క్యాన్‌లో పట్టి స్కూటర్ మీద తెస్తాను" అన్నాను.

ఆయన ఒకసారి బోరు వంకా, ఒకసారి నావంకా చూశాడు. మిగతా టీ తాగేసి గ్లాసు కింద పెట్టాడు. నా బుర్ర వెలగాల్సిన క్షణం అదే. వెలగలేదు. ఆయన వెళ్లాక మేస్త్రి నెమ్మదిగా దగ్గరికొచ్చి, "ఆ పెద్దాయన నీల్ల గురించి ఏటో సెప్పినాడు గదా బాబూ" అన్నాడు. "నీకెందుకు, నేను చూసుకుంటాను కదా" అన్నాను.

పెద్ద గన్నే కొన్నాను. మూడు నాబ్‌లు, అంకెలు ఎర్రగా వెలుగుతాయి. పెద్ద ఓవెన్ కొన్నాను. ఓవెన్ లోపలి కొలతలన్నీ చూసుకున్నాను గానీ షెడ్డు తలుపు కొలత చూసుకోలేదు. లారీ వచ్చి నిలబడ్డాక గోడ పగలగొట్టాం. రంగు పొర మందం కొలిచే మీటరు కూడా ఒకటి కొన్నాను, అరచేతిలో పడుతుంది. ఆ నెలంతా కనబడిన ఇనుమునల్లా కొలిచాను. నా స్కూటర్, పక్కింటాయన స్కూటర్, ఇంట్లో గ్యాస్ సిలిండరు, బీరువా. బీరువా మీద పొర పలచగా ఉందని మా ఆవిడతో అంటే, "మా పుట్టింటి బీరువాకి వంక పెట్టడానికి మీటరు కూడా కొన్నారా?" అంది. తొట్లు మాత్రం ఆ పెద్దాయన చెప్పిన వరసలోనే కట్టించాను. వాటిని బోరు నీళ్లతో నింపాను.

మేస్త్రి నెల తిరక్కుండా పని నేర్చుకున్నాడు. ఆ చెయ్యి గన్ మారినా మారలేదు. రెండు నెలలకి దగ్గు తగ్గింది. "రాత్రి నిద్దర పడతన్నాది బాబూ" అని ఒకరోజు చెప్పాడు. నేను ఆ సంగతి కనబడిన ప్రతివాడికీ చెప్పుకున్నాను, ఏదో నేనే ఆపరేషన్ చేసినట్టు.

మొదటి పెద్ద పని సముద్రానికి దగ్గర్లో కట్టిన అమ్మాయిల హాస్టల్‌ది. ఇరవై నాలుగు బాల్కనీలకి ఇరవై నాలుగు రెయిలింగులు. వార్డెన్ చాలా కచ్చితమైన మనిషి. "ఉప్పుగాలి. ఎన్నాళ్లు ఉంటుంది?" అని అడిగింది. "అయిదేళ్లు తుప్పు అన్న మాట ఉండదమ్మా" అన్నాను. నోటితో అన్నది చాలక షెడ్డు ముందు బోర్డు మీద కూడా రాయించాను.

ఆ పని జరుగుతుండగా ఒకరోజు బోరు మోటారు కాలిపోయింది. నేను మెకానిక్ కోసం తిరిగి తిరిగి మధ్యాహ్నానికి వచ్చి టీ పెట్టమంటే నీళ్లు లేవన్నారు. క్యాన్ ఖాళీ. నీళ్లు మార్చడానికి ఆఖరి తొట్టి ఖాళీ చేసుంచగా రెండు రెయిలింగులు అక్కడ ఆగిపోతే, అవి తడారిపోయి తుప్పు పడతాయని మేస్త్రి ఆ క్యాన్ నీళ్లు పోసి కడిగేశాడట. నాకు ఒళ్లు మండిపోయింది. "పదిమందీ తాగే నీళ్లు తీసుకెళ్లి ఇనుముకి పోస్తావా? నీకేమైనా మతి ఉందా?" అని పనివాళ్లందరి ముందూ అరిచాను. అతను గన్ స్టాండుకి తగిలించి వెళ్లి బయట కూర్చున్నాడు. నేను పంతం కొద్దీ ఆ రెండు రెయిలింగులకీ నేనే పౌడర్ కొట్టాను. మోజు కూడా తీరిందనుకోండి.

రెయిలింగులు బిగించాం. తళతళలాడాయి. వర్షాకాలం వచ్చింది. వర్షాకాలం వెళ్తుండగా వార్డెన్ నుంచి ఫోన్ వచ్చింది, ఒకసారి వచ్చి చూడమని. చూశాను. రెయిలింగుల నిండా వడియాలు ఎండబెట్టినట్టు బుడిపెలు. గోటితో గీకితే పొర పొరంతా ఊడొచ్చేసింది, కింద ఎర్రటి తుప్పు. నాకు తల కొట్టేసినట్టయింది. వార్డెన్ తిట్టలేదు. "అయిదేళ్లన్నారు" అంది, అంతే.

అన్ని అంతస్తులూ తిరిగాను. ఇరవై రెండు పొంగాయి. మూడో అంతస్తు చివర రెండు మాత్రం కొత్తవాటిలా ఉన్నాయి. వాటి గుర్తు నాకు బాగా ఉంది, నా చేత్తో కొట్టినవి అవే. అప్పుడు నా మనసులో కలిగింది బాధ కాదు, సిగ్గు లేకుండా చెప్తున్నాను, గర్వం. పౌడర్ మంచిదే, యంత్రం మంచిదే, ఇంక లోపం ఎక్కడుందో తేలిపోయింది. షెడ్డుకి వచ్చి మేస్త్రిని పిలిచాను.

"నేను కొట్టిన రెండూ నిక్షేపంలా ఉన్నాయి. నువ్వు కొట్టినవన్నీ పొంగాయి. దీనికేమంటావు?"

అతను ఆఖరి తొట్టి వంక చూశాడు.  "ఏటంటాను బాబూ. ఇప్పుడేటి సెయ్యాలో సెప్పండి" అన్నాడు.

చెయ్యాల్సింది ఒకటే ఉంది. రెయిలింగులు ఊడదీస్తే మళ్లీ బిగించేసరికి నెల పడుతుంది, అన్నాళ్లూ బాల్కనీలు బోసిపోతాయి, ఆడపిల్లలుండే చోటు, వార్డెన్ ససేమిరా ఒప్పుకోలేదు. ఉన్నచోటే గీకి, తుడిచి, పాత పద్ధతిలో స్ప్రే పెయింట్ కొట్టాలి. దసరా సెలవులకి పిల్లలు ఊళ్లకి వెళ్తారు, ఆ సెలవుల్లోనే అయిపోవాలి. అంత తొందరగా, అంత నున్నగా కొట్టేవాడు ఊళ్లో నాకు తెలిసి ఒక్కడే. పాత కంప్రెసరు, థిన్నర్ డబ్బాలు ఆటోలో వేయించి మేస్త్రిని పంపించాను. ఇంక జన్మలో మూత తియ్యక్కర్లేదన్న డబ్బాలే అవి. ఆటో ఎక్కుతూ తువ్వాలు భుజం మీద వేసుకున్నాడు. నేను చూడనట్టు మీటరు తుడుచుకుంటూ నిలబడ్డాను.

నాలుగో రోజుకే దగ్గు తిరగబెట్టిందని హాస్టల్ వాచ్‌మన్ చెప్పాడు. "ఇంకెన్ని రోజులులే, అయిపోవచ్చింది" అని నాకు నేను చెప్పుకున్నాను.

విజయదశమి నాడు షెడ్డులో ఆయుధ పూజ. ఆ రోజు ఏ పనిముట్టునీ వాడం. అన్నిటినీ కడిగి, పసుపు రాసి, బొట్టు పెట్టి, దండం పెట్టుకుంటాం. ఆ గన్‌ని పీట మీద పట్టుగుడ్డ వేసి కూర్చోబెట్టాను. బంతిపూల దండ వేశాను. పనివాళ్లందరికీ అక్కడే భోజనం. మా ఆవిడ వంట సామానుతో ఆటో దిగింది. వెనకాల రెండు పెద్ద క్యాన్ల నీళ్లు దింపుతోంది.

"ఇక్కడ బోరు ఉండగా ఆటోలో నీళ్లెందుకు?" అన్నాను.

"ఆ నీళ్లతో పప్పు ఉడుకుతాదా ఏటండీ? పొద్దుపోయేదాకా మరిగించినా గింజ గింజలాగే ఉంటాది. బోరు పక్క ఆ బిందె చూడండి, ఎలా తెల్లగా పేరుకుపోయిందో" అంది, పొయ్యి వెలిగించుకుంటూ.

బిందె చూశాను. బిందె పక్కన ఆఖరి కడుగుడు తొట్టి ఉంది. దాని అంచు చుట్టూ అదే తెలుపు. గోటితో గీకి నాలుక మీద పెట్టుకున్నాను, ఆ కోయంబత్తూరు పెద్దాయన పెట్టుకున్నట్టే. ఉప్పు. టీకి పనికిరావని, పప్పుకి పనికిరావని మా ఇంటిల్లిపాదికీ తెలిసిన నీళ్లు. నేనే రోజూ కాళ్ల మధ్య క్యాన్ పెట్టుకుని, గతుకుల్లో తొణక్కుండా మంచినీళ్లు మోసుకొచ్చి, ఆ క్యాన్ పక్కనే ఇనుముని ఉప్పునీళ్లలో ముంచాను. ఆ వెంటనే ఖాళీ క్యాన్ గుర్తొచ్చింది. ఆ రోజు దానితో కడిగినవి రెండు. పొంగనివి రెండు. నేను కొట్టినందుకు నిలిచినవి కావు అవి. అతను కడిగినందుకు నిలిచాయి.

పూజ మధ్యలో వదిలేసి స్కూటర్ తీశాను. దండ వేసుకున్న గన్ షెడ్డులో పీట మీద ఉంది. ఆ పండగ పూట పనిలో ఉన్నవాడు మేస్త్రి ఒక్కడే.

హాస్టల్ మెట్ల మీద కూర్చుని దగ్గుతున్నాడు. తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని, ఇంకో చేత్తో గోడ పట్టుకున్నాడు. దగ్గు ఆగేదాకా నిలబడ్డాను. నన్ను చూసి లేవబోయాడు.

"కూర్చో" అన్నాను. నేనూ పక్కన కూర్చున్నాను. "నీళ్లు. బోరు నీళ్ల వల్ల పొంగాయి. ఆ రెండూ నువ్వు క్యాన్ నీళ్లతో కడిగినవి."

"అవును బాబూ."

"నీకు తెలుసా?"

"మీరు కొట్టిన రెండూ నిలిచినాయన్నప్పుడే అనుమానం తగిల్నాది."

 "తెలిసీ ఈ థిన్నర్‌లోకి వచ్చావా? చెప్పొచ్చు కదా నాకు."

అతను తువ్వాలు మడిచి మళ్లీ విప్పాడు. "నీల్లు పోసినందుకు ఓసారి తిట్టినారు. నువ్వు కొట్టినవే పొంగినాయని ఇంకోసారి అన్నారు. అప్పుడు నీల్లని సెప్తే, తప్పు తప్పించుకోడానికి సెప్తన్నాడంటారు గదా. కోయంబత్తూరు ఆయన్ని అడిగినారు, డీలర్ని అడిగినారు. నన్నడిగితే సెప్పీవోణ్ని."

 తప్పు నాదేనని పైకి అన్నాను. అంత చిన్న మాట అంత కష్టంగా వస్తుందని నాకు అప్పటిదాకా తెలీదు. దానికతను, "సరేలెండి, పండగ పూట" అన్నాడు.

తరవాత సంగతులు ఇక్కడే చెప్పేస్తాను. ఆ పెద్దాయనకి ఫోన్ చేశాను. ఆయన, నేను చెప్పాను కదా అని అనలేదు. "తలుపు ఎంత వెడల్పు ఉందో ఈసారి ముందే కొలవండి" అని మాత్రం అన్నాడు. ఓవెన్ సంగతి ఆయన దాకా వెళ్లిందన్నమాట. నీళ్ల ప్లాంటు వచ్చింది. మేస్త్రి దగ్గు తగ్గడానికి ఈసారి రెండు నెలలు చాల్లేదు, ఏడాది పైన పట్టింది. ఆ ఏడాది అతను దగ్గిన ప్రతిసారీ నేను చేతిలో పని వదిలేసేవాణ్ని. ఇప్పుడు ఎవరైనా యంత్రాల గురించి సలహా అడిగితే, గన్ గురించి చెప్పడం మొదలెట్టేముందు, మీ షెడ్డులో టీ ఏ నీళ్లతో పెడతారని అడుగుతున్నాను.

మళ్లీ ఆ పండగ రోజుకి వస్తే, ఇంకా మూడు రెయిలింగులు మిగిలాయి. సెలవులు అయిపోవస్తున్నాయి. మేస్త్రి లేవబోతే స్ప్రే గన్ నేను లాక్కున్నాను. "తువ్వాలు ఇలా ఇయ్యి" అన్నాను. అతను నవ్వి ఇచ్చాడు. థిన్నర్ మూత తీసేసరికి కళ్లు మండాయి. మొదటి రెయిలింగు సగం అయ్యేసరికి తల తిరిగింది. రెండోదానికి గొంతులో గీరినట్టయి, బాల్కనీ అంచు పట్టుకుని దగ్గాను. అతను పీల్చింది ఇరవై రెండేళ్లు. గంట కూడా కాలేదు నాకు. మేస్త్రి గాలివాటుకి దూరంగా కూర్చుని, "సెయ్యి ఆపకండి, ఆపితే కారిపోతాది" అంటున్నాడు. నేను ఆపాను. రంగు కారింది. ప్రతి చువ్వ మీదా చారలు దిగాయి.

అప్పుడే వార్డెన్ పైకి వచ్చింది. తువ్వాలు కట్టుకుని, మొహం నిండా రంగుతో ఉన్న నన్ను గుర్తుపట్టలేదు. రెయిలింగు మీద కారిన చారలు వేలితో చూపించి, "ఇదేంటి, ఇది ఎవరు వేశారు?" అని మేస్త్రిని అడిగింది.

మేస్త్రి లేచి నిలబడ్డాడు.

"కొత్తోడమ్మా" అన్నాడు. "ఇప్పుడే నేర్సుకుంటన్నాడు."